లేత కాబర్నేకు మార్కులు

ఏటా వసంతంలో ప్రపంచం నలుమూలల నుంచి వ్యాపారులూ విమర్శకులూ ఫ్రాన్సులోని బోర్డోకి చేరతారు. అంతకు ఆరు నెలల ముందు కోసిన ద్రాక్షతో చేసి, ఇంకా ఓక్ పీపాల్లోనే ఉన్న వైన్‌ని వాళ్ళకి రుచి చూపిస్తారు. అది సీసాలోకి ఎక్కడానికి మరో ఏడాదికి పైనే పడుతుంది. గొప్ప తోటల వైన్ నిండుగా పరిణతి చెందాలంటే పదేళ్ళు, ఒక్కోసారి ఇరవై ఏళ్ళు ఆగాలి. అయినా దాని ధర ఆ వసంతంలోనే తేలిపోతుంది, బేరం కూడా అప్పుడే మొదలవుతుంది.

లేత వైన్‌ని చూసి దాని రేపటిని అంచనా కట్టే ఈ విద్య అంత కష్టం కావడానికి కారణం బోర్డో ఎర్రవైన్లకు వాడే కాబర్నే సావిన్యాన్ ద్రాక్షలోనే ఉంది. కాబర్నే ఫ్రాన్ అనే నల్లద్రాక్షకూ, సావిన్యాన్ బ్లాన్ అనే తెల్లద్రాక్షకూ పుట్టిన సంకరం ఇది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో కరోల్ మెరెడిత్, జాన్ బవర్స్ డీఎన్‌ఏ పరీక్షలతో ఆ సంగతి తేల్చి 1997లో ప్రచురించారు. ఎవరూ పనిగట్టుకుని చేసింది కాదు, తోటలో దానంతటదే జరిగిపోయిందని భావిస్తారు.

పండు చిన్నది, తొక్క మందం, గుజ్జుతో పోలిస్తే గింజల వాటా ఎక్కువ. తొక్కలోనూ గింజలోనూ ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోట్లో జారుడుతనాన్ని పోగొడతాయి. సరిగ్గా పండని నేరేడుపండు కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో, మూడేళ్ళ కాబర్నే అలా పట్టేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్లూ రంగు పదార్థాలూ ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులవుతాయి. కొంత మడ్డిగా సీసా అడుగుకు దిగుతుంది. వగరు మెత్తబడుతుంది, ఊదా ఛాయ ఇటుక ఎరుపుకి తిరుగుతుంది. కాబట్టి లేత వైన్‌లో వగరు ఎంత ఉందని చూసి లాభం లేదు. ఆ వగరు వెనకాల పండు రుచి సరిపడా ఉందా, పులుపు నిలిచి ఉందా, మింగాక రుచి ఎంతసేపు ఉంటోంది అన్నవి పట్టుకోవాలి. పచ్చి క్యాప్సికం వాసన గట్టిగా వస్తే ద్రాక్ష పూర్తిగా పండకముందే కోశారని అనుమానించాలి. కొత్త ఓక్ పీపా ఇచ్చే వెనిల్లా వాసన వీటన్నిటినీ కప్పేయగలదు. చాలామంది బోల్తా పడేది అక్కడే.

బోర్డోలో ఈ పని మొదట దళారులది. తోటల యజమానులకూ వర్తకులకూ మధ్య నిలబడి, ఏ పీపా ఎంత చేస్తుందో చెప్పడమే వాళ్ళ వృత్తి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో ఎర్రవైన్లకు తరగతులు నిర్ణయించిందీ వాళ్ళే. అందుకోసం వాళ్ళు కొత్తగా గ్లాసులు వరస పెట్టి పోటీ ఏమీ నడపలేదు. ఏళ్ళ తరబడి ఏ తోట వైన్ ఏ ధర పలికిందో ఆ లెక్కల్ని బట్టి జాబితా రాశారు. లాఫీట్, లాటూర్, మార్గో, ఓ బ్రియోన్ మొదటి తరగతిలో నిలిచాయి. ఆ తర్వాత చెప్పుకోదగ్గ పెద్ద మార్పు ఒక్కటే, 1973లో మూటోన్ రోత్‌షీల్డ్‌ని మొదటి తరగతికి ఎక్కించడం.

పేరు తెలియకుండా, పక్కపక్కన పెట్టి, మార్కులు వేసే పద్ధతిని ప్రపంచం దృష్టికి తెచ్చింది మాత్రం 1976 మే 24. పారిస్‌లో వైన్ దుకాణం, వైన్ పాఠశాల నడిపే ఇంగ్లీషువాడు స్టీవెన్ స్పరియర్, తన సహోద్యోగి ప్యాట్రీషియా గాలగర్‌తో కలిసి ఇంటర్‌కాంటినెంటల్ హోటల్లో పోటీ పెట్టాడు. న్యాయనిర్ణేతలు తొమ్మిదిమంది ఫ్రెంచివాళ్ళు. బుర్గుండీ మహాతోట రోమనే కోంతీకి చెందిన ఓబేర్ ద విలేన్, ఫ్రాన్సు వైన్ పత్రిక సంపాదకురాలు ఓడెట్ కాన్ వంటివాళ్ళు. ఎర్రవైన్లు పది: ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బోర్డోవి. అన్నీ 1969 నుంచి 1973 లోపు కోతలే. ఒక్కొక్కరూ ఒక్కో వైన్‌కి ఇరవైకి మార్కులు వేశారు.

మొదటి స్థానం స్టాగ్స్ లీప్ 1973కి దక్కింది. వారెన్ వినియార్‌స్కీ కాలిఫోర్నియాలోని నాపా లోయలో మూడేళ్ళ లేత తీగల నుంచి చేసిన వైన్ అది. దానికి మొత్తం 127.5, మూటోన్ 1970కి 126. తొమ్మిదిమంది కలిసి వేసిన మార్కుల్లో తేడా ఒకటిన్నర! ఓడెట్ కాన్ తన మార్కుల కాగితం తిరిగి ఇమ్మని అడిగింది. అక్కడికి వచ్చిన విలేకరి ఒక్కడే, టైమ్ పత్రిక నుంచి జార్జ్ టేబర్. అతను రాకపోయి ఉంటే ఆ మధ్యాహ్నం సంగతి ఇంతగా పాకేదే కాదు.

ఫ్రెంచివాళ్ళు ఒక అభ్యంతరం చెప్పారు, అది తీసిపారేయాల్సింది కాదు. బోర్డో వైన్ నెమ్మదిగా ఎదుగుతుంది, లేతగా ఉన్నప్పుడు పోలిస్తే కాలిఫోర్నియా ముందుంటుంది, ముప్పై ఏళ్ళ తర్వాత చూడండి అన్నారు. సరిగ్గా ముప్పై ఏళ్ళకి, 2006 మే 24న, అవే వైన్లను లండన్‌లోనూ నాపాలోనూ ఒకేరోజు మళ్ళీ రుచి చూశారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియావే.

అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. నాకు మాత్రం అసలు విశేషం ఆ ఐదింటి వరసలో కనిపిస్తుంది. 2006లో మొదట నిలిచింది 1976లో ఐదోదైన రిడ్జ్ మాంటే బెల్లో 1971. స్టాగ్స్ లీప్ రెండోది. హైట్జ్ 1970, మయకామస్ 1971 మూడో స్థానం పంచుకున్నాయి, క్లో దు వాల్ 1972 ఐదోది. ఈ చివరి మూడూ పారిస్‌లో అట్టడుగు నాలుగింటిలో ఉన్నవి. అంటే కాలిఫోర్నియా నిలవదన్న వాళ్ళ అంచనా తప్పింది, లేతగా ఉన్నప్పుడు వేసిన వరస కూడా తప్పింది.

ఈలోగా మార్కులకు బలం బాగా పెరిగింది. రాబర్ట్ పార్కర్ 1978లో పత్రిక మొదలుపెట్టి నూటికి మార్కులు వేయసాగాడు. 1982 బోర్డోని పీపాలోనే రుచి చూసి గొప్పదని గట్టిగా చెప్పాడు. ఆ మాట నిలబడడంతో అతని అంకెకి ధరలు కదిలే రోజులొచ్చాయి. లేతగా ఉన్నప్పుడే నోరు నింపే వైన్ కోసం ద్రాక్షని ఇంకా ఇంకా పండనిచ్చి కోయడం పెరిగింది. నాపాలో ఒకప్పుడు పన్నెండు పదమూడు శాతం ఉన్న ఆల్కహాల్ ఇప్పుడు పద్నాలుగున్నర దాటడం మామూలు. పరీక్ష కోసం పంటే మారిపోవడం నన్ను కలవరపెడుతుంది.

ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ ఇంకో దారి చూపాడు. శీతాకాలంలో మంచి వానలు, వేడి వేసవి, కోతకు ముందు పొడి రోజులు ఉంటే ఆ ఏటి బోర్డో పెద్దయ్యాక ధర పలుకుతుందని లెక్క కట్టాడు, చుక్క రుచి చూడకుండానే. ఏటికేడు తేడా చెప్పడంలో ఆ లెక్క మీద నాకు గౌరవం ఉంది. ఒకే ఏడు, ఒకే వానకు తడిసిన రెండు పక్కపక్క తోటల సంగతి అది చెప్పలేదు. అక్కడ నాలుకే కావాలి. అందుకే పోల్చేవాళ్ళు ఒకే ఏటి వైన్లు తీసుకోవాలి, లేబుళ్ళు కప్పాలి. వగరు నోట్లో పేరుకుపోతుంది కనుక ఐదారు గ్లాసులు దాటకూడదు. రెండోసారి వరస తిప్పి చూడాలి, మధ్యలో రొట్టె ముక్క, నీళ్ళు. మిగిలిన సీసాలు బిరడా పెట్టి ఉంచి, మొదటి రోజు మార్కులు పక్కనపెట్టి, మర్నాడు ఇంకోసారి రుచి చూడాలి.