రాజధానిలో రేడియో లేదు, సిలోన్‌లో పాటలున్నాయి

కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆ మూడేళ్ళూ రాజధానిలో రేడియో స్టేషనే లేదన్న సంగతి ఎవరూ పెద్దగా తలుచుకోరు. మద్రాసో, విజయవాడో, హైదరాబాదో పట్టుకోవాల్సిందే. సీమకి మొదటి స్టేషన్ 1963లో గానీ రాలేదు, అదీ కడపలో.

సరే, స్టేషన్ ఉంటే మాత్రం ఏం వినేవాళ్ళు? 1952లో కేంద్ర ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటంటే గిట్టదు. వాటా తగ్గించేశారు. పాటకి ముందు సినిమా పేరు చెబితే అది ప్రకటనేనని ఆపించారు. నిర్మాతలు ఒళ్ళుమండి అనుమతులు వెనక్కి తీసుకున్నారు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయం!

ఆ ఖాళీలోకి వచ్చింది రేడియో సిలోన్. యుద్ధకాలంలో సైనికుల కోసం కొలంబోలో పెట్టిన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ తర్వాత సిలోన్ చేతికొచ్చింది. షార్ట్‌వేవ్ అయనోస్ఫియర్‌కి తగిలి దూరాన దిగుతుంది కాబట్టి, 800 కిలోమీటర్ల పైచిలుకు దూరమైనా కడపకి లెక్క కాదు. కాస్త గరగర ఉంటుంది, అంతే.

1952 డిసెంబరులో అమీన్ సయానీ గొంతుతో 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. వరస అమెరికాదే. అక్కడ 1935లోనే లక్కీ స్ట్రైక్ సిగరెట్ల డబ్బుతో 'యువర్ హిట్ పరేడ్' నడిచింది. అక్కడ సిగరెట్టు, ఇక్కడ టూత్‌పేస్టు. మొదట్లో ఏడు పాటల్ని వరసలో పెట్టే పోటీ ఉండేది. ఉత్తరాలు వారానికి 65 వేలకి చేరాయని సయానీయే చెప్పేవారు. మన భాషలో స్కేలింగ్ ప్రాబ్లమ్ అన్నమాట! పోటీ ఎత్తేసి, ర్యాంకులు పెట్టారు.

తెలుగు పాటలకేమో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారుండేవారు. మన పాటల్ని పరాయి దేశం నుంచి వినడం, దానికి లైసెన్సు రుసుము మాత్రం మన పోస్టాఫీసులో కట్టడం... ఎంత చక్కని ఏర్పాటో చూడండి.

కేస్కర్ గారిని విలన్ని చేసెయ్యడం తేలికే గానీ, శాస్త్రీయ సంగీతానికి జాతీయ కార్యక్రమం పెట్టిందీ ఆయన హయాంలోనే. ఆయన తప్పల్లా జనం వేరే స్టేషన్‌కి తిప్పుకోగలరని ఊహించకపోవడమే. 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధ్ భారతి పెట్టింది. అదీ షార్ట్‌వేవ్ మీదే, బొంబాయి, మద్రాసుల నుంచి. 1967కి అందులోకి ప్రకటనలూ వచ్చేశాయి.