తలసీమియా టెస్ట్: గర్భిణికి మూడో నెలలోపే ఎందుకు? భర్తకు ఎప్పుడు చేయించాలి?

ప్రెగ్నెన్సీ కన్ఫర్మ్ కాగానే బ్లడ్ గ్రూప్, షుగర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ.. ఇలా టెస్టుల లిస్ట్ పెద్దదే ఉంటుంది. చాలాసార్లు అందులో కనిపించనివి తలసీమియా, సికిల్ సెల్ పరీక్షలు. ఇక్కడ అసలు సమస్య టైమ్. ఆలస్యంగా చేయిస్తే రిపోర్ట్ చేతికొచ్చినా చేయగలిగేది తక్కువే.

ఈ రెండూ తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త వ్యాధులు. తలసీమియాలో ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారు కాదు. సికిల్ సెల్‌లో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి రక్తనాళాలకు అడ్డుపడతాయి, భరించలేని నొప్పులు వస్తాయి. తలసీమియా మేజర్ ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. దానివల్ల పేరుకుపోయే ఐరన్‌ను తీసేయడానికి మళ్లీ మందులు.

క్యారియర్ అంటే ఎవరు?

జబ్బు జీన్ ఒక్కటే ఉన్నవాళ్లు. చూడ్డానికి మామూలుగానే ఉంటారు, చాలామందికి ఆ విషయమే తెలీదు. భార్యాభర్తల్లో ఒక్కరే క్యారియర్ అయితే బిడ్డకు మేజర్ రాదు. ఇద్దరూ క్యారియర్లయితే మాత్రం ప్రతి కాన్పులోనూ 25 శాతం రిస్క్. మొదటి బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది కదా, రెండో బిడ్డకు భయం లేదు అనుకోవడం పొరపాటు. ఒకరు తలసీమియా, మరొకరు సికిల్ సెల్ క్యారియర్లయినా బిడ్డకు జబ్బు రావచ్చు. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే జీన్ ఉండే అవకాశం ఎక్కువ.

'రక్తం తక్కువ' అని వదిలేస్తున్నారా?

అసలు చిక్కు ఇక్కడే. తలసీమియా క్యారియర్ సీబీపీ రిపోర్ట్ చూస్తే ఐరన్ లోపంలాగే ఉంటుంది. ఎంసీవీ, ఎంసీహెచ్ రెండూ తక్కువ. ఐరన్ మాత్రలు వాడుతున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే అనుమానించాలి. (అలాగని మాత్రలు సొంతంగా ఆపేయొద్దు.) హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా క్యారియర్‌గా లెక్కిస్తారు. ఐరన్ లోపం బాగా ఉంటే ఈ అంకె తగ్గి కనిపించొచ్చు కూడా. అందుకే రిపోర్ట్ డాక్టరే చూడాలి. సికిల్ సెల్ కూడా ఇదే టెస్ట్‌లో బయటపడుతుంది.

భార్య క్యారియర్ అని తేలితే వెంటనే భర్తకు టెస్ట్ చేయాలి. 'నాకేం జబ్బు? నాకెందుకు?' అని వారాలకు వారాలు లాగేవాళ్లున్నారు. నష్టపోయేది ఆ వారాలే. ఇద్దరూ పాజిటివ్ అయితే 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి, లేదా 15 వారాల తర్వాత ఉమ్మనీటి నుంచి శాంపిల్ తీసి బిడ్డ జీన్‌ను పరీక్షిస్తారు. ఈ రెండింటిలోనూ గర్భస్రావం రిస్క్ కొద్దిగా ఉంటుంది. 2021లో అమల్లోకి వచ్చిన సవరణ చట్టం ప్రకారం అబార్షన్‌కు 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. ఆ తర్వాత 24 వారాల వరకు కొన్ని కేటగిరీల మహిళలకే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే. 24 దాటితే బిడ్డలో తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. కొనసాగించాలా వద్దా అన్నది మాత్రం ఆమె ఇష్టం, అత్తింటివాళ్లది కాదు.

సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది, టార్గెట్ 2047. గిరిజన ప్రాంతాలపైనే ప్రధానంగా ఫోకస్. తలసీమియాకు మాత్రం అడిగి చేయించుకోవాల్సిన పరిస్థితే ఎక్కువ.

టెస్ట్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకుని ఉంటే ల్యాబ్‌లో ముందే చెప్పాలి. దాత రక్తం కలిసి రిపోర్ట్ తప్పుగా రావచ్చు.