పసిపిల్లల క్షయ: నాడును నేడును

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే, తార్నాకయందు, జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరునందు రాబర్టు మెక్కారిసన్ దొర చిన్న పరిశోధనశాలగా ఆరంభించిన ఈ సంస్థ 1958లో ఇచటికి తరలివచ్చెను. విశ్వవిద్యాలయము పుట్టినదియు ఆ 1918లోనే. అన్నమును గూర్చి శోధించువారికి క్షయతో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు, అది చెప్పుటకు ముందు కొంత వెనుకకు పోవలెను.

1882లో జర్మనీ దేశపు రాబర్టు కాక్ క్షయక్రిమిని కనుగొనువరకు ఇది వంశమున దిగు రోగమని పలువురు తలచెడివారు. తండ్రి దగ్గి దగ్గి పోయెను, వెనుకనే కొడుకు పోయెను. చూచువారికి అటులే తోచును గదా! నిజమునకు కొడుకునకు సంక్రమించినది తండ్రి రక్తము గాదు, దగ్గుతుంపర. పసిబిడ్డలలో క్రిమి ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులతో నిలువక, నెత్తురున బడి మెదడు పొరలకు ప్రాకును. స్ట్రెప్టోమైసినును, 1952లో ఐసోనియాజిడును వచ్చుదాక అట్టి బిడ్డ దక్కుట దాదాపు లేదు.

మన దేశమున 1948లో బి.సి.జి. టీకా మొదలైన తావులలో మదనపల్లె యొకటి. అచటి ఆరోగ్యవరము శానిటోరియమును ఎరుగని తెలుగువారరుదు. టీకా వ్యాపించిన పిమ్మట మెదడు క్షయయు, ఒడలెల్ల ప్రాకు క్షయయు పసివారిలో తగ్గుముఖము పట్టెను. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన మహాపరీక్ష, పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపజాలదని తేల్చెను. పెద్దవాడు దగ్గుచున్నంతకాలము బిడ్డకు క్రిమి అందుచునే యుండును. నేడు పిల్లలలో హెచ్చుగా కనబడునది రొమ్ములోని గ్రంథులకును, మెడ గ్రంథులకును పట్టు క్షయ. పసిబిడ్డ కఫమును ఉమ్మజాలదు. కావున రోగము పట్టుబడుట కష్టము.

తార్నాక ప్రసక్తి ఇచటనే. తిండి చాలక శుష్కించిన బిడ్డకు ట్యూబర్క్యులిను సూది వేసినను, క్రిమి లోననుండియు చర్మము ఉబ్బకపోవచ్చును. పోరాడు సత్తువ లేని దేహమున ఆ గుర్తు ఎట్లు కనబడును? తెలియనివారు జబ్బు లేదని పంపివేయుదురు. ఆహారమునకును రోగనిరోధశక్తికిని గల ఈ సంబంధమును ఆ సంస్థవారు ఏండ్ల తరబడి శోధించిరి. 2019 మొదలు 2022 వరకు జార్ఖండులో రోగి ఇంటివారికి గూడ బియ్యము, పప్పు పంచి చూడగా, రోగికి మాత్రమే ఆహారమిచ్చిన ఇండ్లకంటె వారిలో క్షయ సుమారు 39 శాతము తగ్గెను.

మన పల్లెలలో మనుమడు తాతగారి పక్కలోనే పరుండును. తాతకు రెండు వారములు మించి దగ్గు ఆగనిచో, సర్కారు ఆసుపత్రిలో కఫపరీక్ష ఉచితముగ చేయుదురు. క్షయయని తేలినచో ఆ ఇంటి ఐదేండ్లలోపు బిడ్డలనుగూడ పరీక్షించి, జబ్బు లేకున్నను ముందుగనే మందిత్తురు.