కొలత మొదలయ్యే క్షణం: పరికరాల ట్రిగ్గర్ చరిత్ర

విద్యుత్ సంకేతం పరిమాణాన్ని తెలపడం కొలత పరికరం చేసే పనిలో సగమైతే, ఆ సంకేతాన్ని ఏ క్షణం నుంచి గమనించాలో నిర్ణయించడం మిగతా సగం. ఈ నిర్ణయం చేసే ఏర్పాటునే ట్రిగ్గర్ అంటారు. ఈ అధికారం మనిషి చేతి నుంచి విద్యుత్ వలయానికి, అక్కడి నుంచి ప్రోగ్రాముకు విస్తరించిన క్రమమే దాని చరిత్ర.

1897లో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ స్ట్రాస్‌బర్గ్‌లో రూపొందించిన కాథోడ్ కిరణ నాళం తరంగాన్ని కంటికి చూపింది. అయితే ఆ బొమ్మ తెరపై నిలకడగా ఉండాలంటే, ఎలక్ట్రాన్ పుంజం ఎడమ నుంచి కుడికి సాగే ప్రయాణం, అంటే స్వీప్, ప్రతిసారీ తరంగంలోని ఒకే బిందువు వద్ద మొదలుకావాలి. ఇలా తరంగాన్ని తెరపై చూపే పాత ఆసిలోస్కోపుల్లో సాధారణంగా స్వీప్ ఆగకుండా తిరుగుతూనే ఉండేది. చూసేవారు నాబ్ తిప్పి దాని వేగాన్ని తరంగానికి సరిపెట్టేవారు. క్రమంగా పునరావృతమయ్యే తరంగాలకు ఇది చాలింది గాని, వేళాపాళా లేకుండా వచ్చే పల్సులను పట్టుకోవడం దానివల్ల కాలేదు.

పరిష్కారానికి కావలసిన వలయాలు వేరే అవసరాల నుంచి పుట్టాయి. బ్రిటన్‌లో ఎకిల్స్, జోర్డాన్ 1918లో రెండు వాక్యూమ్ ట్యూబులతో రూపొందించిన వలయం ఒక చిన్న ప్రేరణతో ఒక స్థితి నుంచి మరో స్థితికి మారి అక్కడే నిలిచేది. 1934లో అమెరికా విద్యార్థి ఓటో ష్మిట్ స్క్విడ్ నాడీ ప్రేరణలను అధ్యయనం చేస్తూ కనుగొన్న వలయంలో పైకి దాటవలసిన వోల్టేజి హద్దు, కిందికి దాటవలసిన హద్దు వేర్వేరుగా ఉన్నందున, సంకేతంలోని చిన్న అలజడికి అది పదేపదే స్థితి మార్చుకోదు. నేటికీ ఎన్నో ట్రిగ్గర్ వలయాలు ఈ సూత్రంపైనే ఆధారపడి ఉన్నాయి.

యుద్ధకాలంలో రాడార్‌పై పనిచేసిన హోవర్డ్ వోలమ్, జాక్ మర్డాక్‌తో కలిసి 1946లో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో టెక్ట్రానిక్స్ సంస్థను స్థాపించాడు. 1947లో వెలువడిన వారి 511 ఆసిలోస్కోపులో స్వీప్ కదలకుండా వేచి ఉండి, సంకేతం నిర్ణీత స్థాయిని దాటినప్పుడే బయలుదేరేది. కాలమానం కూడా క్రమాంకితమై ఉన్నందున పల్సు ఎంతసేపు నిలిచిందో తెరపైనే చదవగలిగారు. స్వీప్ బయలుదేరడానికి పట్టే స్వల్ప వ్యవధిలో పల్సు తొలి అంచు జారిపోకుండా, సంకేతాన్ని కాస్త ఆలస్యంగా తెరకు చేర్చే డిలే లైన్ కూడా ఇలాంటి పరికరాల్లో చేరింది.

కంప్యూటర్ రాకతో అనేక పరికరాలను ఒకేసారి నడిపించే అవసరం ఏర్పడింది. హ్యూలెట్-ప్యాకర్డ్ అభివృద్ధి చేసిన సంధాన పద్ధతి 1975లో ఐఈఈఈ 488 ప్రమాణమైంది; ఎంపిక చేసిన పరికరాలన్నింటినీ ఒకే ఆదేశంతో కదిలించే సమూహ ట్రిగ్గర్ అందులో ఉంది. 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ ఆదేశభాష మరో మెట్టు ఎక్కి, పరికరం నిష్క్రియ స్థితి నుంచి సన్నద్ధమై, ట్రిగ్గర్ కోసం వేచి ఉండి, కొలత చేసి, తిరిగి వచ్చే దశలను ఒక నమూనాగా క్రోడీకరించింది. ట్రిగ్గర్ కంప్యూటర్ ఆదేశంగా రావాలా, బయటి తీగ మీద రావాలా, వెంటనే జరిగిపోవాలా అన్నది ప్రోగ్రామే ఎంచుకోవచ్చు.

అయినా తీగ తొలగిపోలేదు. కంప్యూటర్ అనేక పనుల మధ్య ఆదేశాన్ని పంపుతుంది కనుక అది చేరే క్షణం ప్రతిసారీ కొంత అటూఇటూ అవుతుంది. మైక్రోసెకన్లలో తేలవలసిన సంగతికి ఆ అనిశ్చితి ప్రాణాంతకం. అందుకే పరికరాలను ఒకే చట్రంలో అమర్చే 1987 నాటి వీఎక్స్ఐ, 1997 నాటి పీఎక్స్ఐ పద్ధతులు ఆ చట్రంలోనే ఎనిమిదేసి ట్రిగ్గర్ తీగలను పొందుపరిచాయి. పరికరాల గడియారాలను నెట్‌వర్క్ మీదుగా ఏకకాలికం చేసే ఐఈఈఈ 1588 ప్రమాణం 2002లో వచ్చాక, ఫలానా సమయానికి కొలవమని ముందే చెప్పి ఉంచడం సాధ్యమైంది. అక్కడ కూడా ఆ సమయాన్ని గుర్తించి కొలతను కదిలించేది పరికరంలోని గడియారమే తప్ప దూరాన ఉన్న ప్రోగ్రాము కాదు. కొలతకు నియమం ఏర్పరచడం ప్రోగ్రాము వంతు, క్షణాన్ని పట్టుకోవడం వలయం వంతు. ఈ పని విభజనను గౌరవించినప్పుడే కొలత నమ్మదగినదవుతుందని ఈ చరిత్ర నిరూపిస్తోంది.