నానాజాతి సమితియు అబిసీనియా కథయు

రాయబారమనగానే తెలుగువారికి మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది శ్రీకృష్ణ రాయబారము. ఐదూళ్ళయినను ఇమ్మని అడుగబోయిన ఆ రాయబారము నెరవేరలేదు, యుద్ధము ఆగలేదు. అయినను అది వ్యర్థమని మన పెద్దలెవ్వరును అనలేదు. సంధికి ఒల్లనివాడెవడో లోకమునకు తేటతెల్లము చేయుటయు రాయబారముయొక్క ప్రయోజనములలో నొకటి. కాని తప్పు ఎవరిదో తేలిన పిదప సభలోని పెద్దలు ఏమి చేయవలెను? భీష్మద్రోణాదులు ధర్మమెరిగియు, తినిన ఉప్పునకు కట్టుబడి ఊరకుండిరి. ఈ ప్రశ్నయే ఇరువదవ శతాబ్దమున జెనీవా నగరములో మరల పుట్టినది. దానికి దొరికిన ఉత్తరమును ఇచ్చట విచారింతము.

1914 మొదలు 1918 వరకు సాగిన మహాయుద్ధము ముగిసిన పిమ్మట, అట్టి ఘోరము మరల రాకుండుటకై నానాజాతి సమితి ఏర్పడెను. దాని నిబంధన పత్రము 1920 జనవరి 10వ తేదీన అమలులోనికి వచ్చెను. అంతకుముందు దౌత్యము రాజమందిరములలో తలుపులు మూసికొని చేయు పని. ఇక మీదట అది నలుగురి యెదుట, సభలో జరుగవలెనని సమితివారి ఆశయము. ఆ పత్రములోని 16వ నిబంధన మిక్కిలి గొప్పది. మాట తప్పి యుద్ధమునకు దిగిన సభ్యుడు తక్కిన సభ్యులందరి మీదను యుద్ధము చేసినట్లే యెంచబడునని దాని భావము. మన దేశమును ఆ సమితి మూలసభ్యులలో నొకటి. అయితే మన పేర మాటాడువారిని ఎంచి పంపినది మనము కాదు, బ్రిటిషు ప్రభుత్వము. సమితిని కోరి పుట్టించిన విల్సను అధ్యక్షుని దేశమగు అమెరికా అందు చేరనే లేదు.

అబిసీనియా యనబడు ఇథియోపియా 1923 సెప్టెంబరులో సమితిలో చేరెను. ఐరోపావారు పంచుకొనిన ఆఫ్రికాలో స్వతంత్రముగా నిలిచిన కొద్దిపాటి రాజ్యములలో అది యొకటి. 1896లో అడోవా యుద్ధమున ఇటలీ సేనను ఓడించి తన స్వాతంత్ర్యమును నిలుపుకొన్న దేశమది. ఆ దేశములో బానిసత్వమను దురాచారము ఉండెను. దానిని నిర్మూలింతుమని మాట యిచ్చియే వారు సభ్యులైరి. సంస్కారప్రియులమైన మనము దీనిని కప్పిపుచ్చరాదు. కాని తరువాతి కాలమున ఇటలీ నియంత ముస్సోలినీ ప్రభుత్వము ఆ దేశముపై దండెత్తుటకు ఈ దురాచారమునే సాకుగా చూపెను. పొరుగింటివాని దోషమును దిద్దెదనని వాని ఇల్లు ఆక్రమించుకొనుట సంస్కరణ మెట్లగును?

1934 డిసెంబరులో వల్వల్ అను నీటిబావుల చెంత ఇరుపక్షముల సేనలకు కొట్లాట జరిగెను. చక్రవర్తి హెయిలీ సెలాసీ కత్తి దూయక సమితికి మొరపెట్టుకొనెను. విచారణలు, మధ్యవర్తిత్వములు నెలల తరబడి నడచెను. ఆ నెలలలోనే ఇటలీ నౌకలు సూయజు కాలువ గుండ సేనలను దాటించుచుండెను. 1935 అక్టోబరు 3వ తేదీన దండయాత్ర ఆరంభమయ్యెను. నాలుగు దినములలో సమితి కార్యవర్గము ఇటలీ నిబంధనలను మీరినదని తీర్మానించెను. సుమారు 50 రాజ్యములు ఆర్థిక బహిష్కారమునకు ఒప్పుకొనెను. నవంబరు 18వ తేదీ నుండి అది అమలు జరిగెను. ఇంతవరకు సమితి చేసిన పని శ్లాఘ్యమే.

ఇక ఆ బహిష్కారపు పట్టికను చూడుడు. ఆయుధములు, అప్పులు, రబ్బరు, తగరము ఇటలీకి పోరాదు. గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఒంటెలు పోరాదు. కాని పెట్రోలు పోవచ్చును, బొగ్గు పోవచ్చును! మేము ఈ కథను తరగతిలో చెప్పినపుడెల్ల, ఒంటెలను ఆపి చమురును ఏల వదలిరని ఎవడో యొక బాలుడు అడుగక మానడు. దానికి సమాధానము కష్టము కాదు. ఒంటెలను ఆపుటవలన ఆపినవారికి నష్టము లేదు. చమురును ఆపినచో అమ్మువారి వ్యాపారము పోవును. ముస్సోలినీ కోపించి యుద్ధము తెచ్చునేమో యను భయమును కలదు. సమితిలో లేని అమెరికా ఎట్లును అమ్మునను సాకు దొరకెను. సూయజు కాలువను మూయుటకు 1888 నాటి ఒడంబడిక అడ్డమనిరి. చమురును ఆపియుండినచో వారములోనే తాను వెనుదిరుగవలసి వచ్చెడిదని ముస్సోలినీ 1938లో హిట్లరుతో ననినట్లు, వారి నడుమ దుబాసిగా నుండిన ష్మిట్ పండితుడు తరువాత వ్రాసెను. వరకట్నము పుచ్చుకొనమని సభలో చేవ్రాలు చేసి, ఇంటిలో లాంఛనముల పేర పుచ్చుకొను పెద్దమనుష్యులను మన మెరుగుదుము. రాజ్యముల నడవడియు అట్టిదే.

అంతకంటె లజ్జాకరమైనది మరియొకటి జరిగెను. ఆ డిసెంబరులో ఆంగ్ల మంత్రి హోరును, ఫ్రెంచి మంత్రి లవాలును పారిసులో రహస్యముగా కలిసి, అబిసీనియాలో పెద్దభాగమును ఇటలీకి ఒప్పగించు పథకము నొకదానిని కల్పించిరి. బహిరంగ దౌత్యమును జెనీవాలో పొగడిన నోళ్ళే పారిసులో గుసగుసలాడెను. ఆ రహస్యము పత్రికల కెక్కగానే ఇంగ్లండు ప్రజలు మండిపడిరి. హోరు 18వ తేదీన పదవి వదలుకొనెను. ఆ ప్రజలలో ఆ ధర్మాగ్రహము ఊరక పుట్టలేదు. ఆ యేటనే లక్షలాది స్వచ్ఛందసేవకులు ఇంటింటికి పోయి శాంతి విషయమున అభిప్రాయములు సేకరింపగా, కోటి పదిలక్షలకు పైబడి జనులు బదులు చెప్పియుండిరి. దురాక్రమణను ఆర్థిక బహిష్కారముతో ఆపవలెనని వారిలో అత్యధికసంఖ్యాకులు కోరిరి. మంత్రులకంటె గృహస్థులే ముందుండిరనుటకు ఇది తార్కాణము.

అయినను ఆలస్యము విషమయ్యెను, అక్షరాల విషమే. విషవాయువులను వాడమని 1925లో జెనీవాలోనే చేసికొనిన ఒప్పందమునకు కట్టుబడిన ఇటలీ, వానిని విమానములనుండి గ్రామములపై కురిపించెను. 1936 మే 5వ తేదీన రాజధాని ఆడిస్ అబాబా పడిపోయెను. జూను 30వ తేదీన చక్రవర్తి తానే సమితి సభలో నిలిచెను. ఇటలీ పత్రికావిలేఖరులు ఈలలు వేసి అల్లరిచేయగా వారిని వెలుపలికి పంపవలసి వచ్చెను. ఆయన తన దేశభాషయందే ప్రసంగించి, తన ప్రజలకు ఏమి బదులు తీసికొని పోవలెనని సభవారినే అడిగెను. జూలై 15వ తేదీన బహిష్కారము ఎత్తివేయబడెను. అదియే వారిచ్చిన బదులు.

కావున ఇట్టి సమితులు పనికిమాలినవని కొందరు తేల్చివేయుదురు. మాకు ఆ వాదము సమ్మతము కాదు. తప్పు ఎవరిదో సమితి నాలుగు దినములలోనే చెప్పగలిగెను. చెప్పిన మాటకు తగిన మూల్యమును చెల్లించుటకు సభ్యులు సిద్ధపడరైరి. లోపము శాసనమునందు లేదు, సంకల్పమునందే కలదు. నాడు కొద్దిపాటి నష్టమునకు వెరచినవారు మూడేండ్లకే మహానష్టమును కొనితెచ్చుకొనిరి. 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండలలో ఇటలీ సేనలతో పోరినవారిలో వేలకొలది మన భారతసైనికులును ఉండిరి. నాడు చమురును ఆపనందుకు చెల్లించిన వడ్డీలో మనవారి నెత్తురును కలిసినది. రాజధాని పడిన ఐదేండ్లకు సరిగా మే 5వ తేదీననే చక్రవర్తి ఆడిస్ అబాబాలో మరల అడుగిడెను. 1942లో ఆయన బానిసత్వమును శాసనముచే రద్దుచేసెను. ఆ సంస్కరణమునకు పరాయివాని ఫిరంగులు అక్కరలేకపోయెను.

1946లో నానాజాతి సమితి అంతరించెను. అంతకుముందు సంవత్సరమే పుట్టిన ఐక్యరాజ్యసమితి పత్రముపై ఇథియోపియాయు, మన దేశమును చేవ్రాలు చేసినవి. ఇందును ఐదు పెద్దరాజ్యములకు అడ్డుపుల్ల వేయు అధికారము కలదు. వారిలో నొకరు తప్పుచేసిన నాడు భద్రతామండలి నోరు కట్టువడును. పాత వ్యాధి పూర్తిగా కుదిరినదని మేము చెప్పజాలము. అయినను ఒకనాడు జెనీవాలో న్యాయము దొరకక మరలిన వారి రాజధానియే నేడు ఆఫ్రికా రాజ్యముల సమాఖ్యకు ముఖ్యస్థానమై యున్నది. సమితియొక్క విలువను వారికంటె బాగుగ ఎరిగినవారెవ్వరు?

రాయబారములు, సమితులు మన గడపకు దూరమైన సంగతులని తలంపవలదు. కోటిమంది గృహస్థుల అభిప్రాయము ఒక మంత్రిని పదవినుండి దించినది. ఆ అభిప్రాయమే మరి నాలుగు నెలలు మెలకువగా నుండియుండినచో చమురును ఆపియుండెడిదేమో. న్యాయమునకై మనము ఎంత నష్టము సహింపగలమో, మన పేర సభలలో కూర్చుండువారు అంతవరకే మాటాడగలరు.