ప్లాస్మాకు ఆయువు

ట్రాన్స్‌ఫార్మరు ప్రాథమిక చుట్టలో ప్రవాహము మారుచున్నంతసేపే ద్వితీయ చుట్టలో విద్యుత్తు పుట్టును. ప్రవాహము స్థిరపడినచో అక్కడ ఏమియు ఉండదు. ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలిసిన ఈ సంగతియే సూర్యుని అగ్నిని భూమిపై నిలుపజూచిన శాస్త్రజ్ఞులను దశాబ్దములపాటు చిక్కుపెట్టినది.

డ్యుటీరియము, ట్రిటియము అను భార ఉదజని రూపముల కేంద్రకములు కలసి హీలియమగుటకు పది కోట్ల డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. ఆ వేడిలో వాయువు ఎలక్ట్రానులుగను, అయానులుగను విడిపోయి ప్లాస్మా యగును. అట్టిదానిని పోసిన పాత్ర కరగిపోవునని పలువురు తలతురు. నిజమునకు గోడను తాకిన ప్లాస్మాయే ముందు చల్లారిపోవును. అందుచే దానిని అయస్కాంత క్షేత్రముతో గోడలకు దూరముగా పట్టి ఉంచవలెను.

1950-51లో సోవియట్ శాస్త్రజ్ఞులు టామ్, సఖరోవ్ ఇందుకు చిల్లుగారె ఆకారపు గదిని సూచించిరి. గది చుట్టునున్న తీగచుట్టలు ఒక క్షేత్రమును, ప్లాస్మాలోనే పారు విద్యుత్తు మరియొక క్షేత్రమును ఇచ్చును. రెండును కలసి బలరేఖలను త్రాటిపురి వలె మెలిపెట్టును. ఇదియే టోకమాక్. ప్లాస్మాలో ఆ విద్యుత్తును పుట్టించునది ట్రాన్స్‌ఫార్మరే. ప్లాస్మా వలయమే దాని ద్వితీయ చుట్ట.

1968లో నోవోసిబిర్స్క్ సభలో ఆర్త్సిమోవిచ్ బృందము తమ టి-3 యంత్రములో ఎలక్ట్రానులు కోటి డిగ్రీలకు చేరినవని చెప్పగా పడమటివారు చాలమంది నమ్మలేదు. వారిని తప్పుపట్టలేము. 1958లో బ్రిటిషువారి జీటా యంత్రము సంలీనము సాధించినదని చాటి, కొన్ని నెలలకే ఆ మాటను వెనుకకు తీసికొనవలసివచ్చినది. 1969లో కల్హాం ప్రయోగశాలనుండి బ్రిటిషు శాస్త్రజ్ఞులే లేసరు పరికరములతో మాస్కో వెళ్ళి కొలిచిరి. లెక్క సరిపోయినది. రెండు కూటములు ఎదురెదురుగా నిలిచిన ఆ దినములలో పరాయివారికి ప్రయోగశాల తలుపులు తెరచుట చిన్న సంగతి కాదు.

కాని ఆ వేడి నిలిచినది సెకనులో కొద్ది భాగమే. ప్రాథమిక చుట్టలో ప్రవాహమును ఎంతసేపని పెంచుకొనిపోగలరు? హద్దు చేరగానే ప్లాస్మాలోని విద్యుత్తు క్షీణించును, పట్టు సడలును. 1951లో ప్రిన్స్‌టన్‌లో స్పిట్జర్ తలపెట్టిన స్టెల్లరేటరుకు ఈ బాధ లేదు, అందు మెలిక యంతయు బయటి ఏర్పాటుదే. ఐతే తొలి స్టెల్లరేటరులు ప్లాస్మాను చక్కగా పట్టలేకపోయినవి.

దారి చూపినది 1978లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞుడు నథానియేల్ ఫిష్. తగిన రేడియో తరంగములను ప్లాస్మాలోనికి ఒకే దిశగా పంపినచో అవి వేగముగా పోవు ఎలక్ట్రానులను నెట్టుకొనిపోవును. ఆ పరుగే విద్యుత్ప్రవాహము! ఇక ట్రాన్స్‌ఫార్మరుపై ఆధారపడనక్కరలేదు. జపానులో క్యూషూ విశ్వవిద్యాలయపు ట్రయామ్-1ఎం 2003లో ఈ ఉపాయముతోనే ప్లాస్మాను 5 గంటల 16 నిమిషములు నిలిపినది. అది పలుచని ప్లాస్మా, ఇచ్చిన శక్తియు స్వల్పము.

శక్తి పెంచినకొలది రాగి చుట్టలు వేడెక్కును, గోడలు కాగిపోవును. మొదటిదానికి అతివాహక చుట్టలు, రెండవదానికి లోపల నీరు పారు గోడలు మందు. ఫ్రాన్సులో కదరాష్‌లోని టోర్ సూప్రా ఈ రెండింటితో 2003లో 6½ నిమిషములు నడచినది. దానికే టంగ్‌స్టను కవచము తొడిగి వెస్ట్ అని పేరు మార్చిరి. 2025 జనవరి 20న చైనాలో హెఫెయ్ నగరపు ఈస్ట్ 1066 సెకనులు ప్లాస్మాను నిలుపగా, ఫిబ్రవరి 12న వెస్ట్ 1337 సెకనులు నిలిపినది.

ఈ దీర్ఘ ప్రయోగములలో పుట్టిన సంలీన శక్తి లెక్కింపదగినది కాదు. శక్తి విషయమున మేటి ఇంగ్లండులోని జెట్. 2023లో 69 మెగాజౌళ్ళ నిచ్చినది, కాని సుమారు 5 సెకనులలోనే. దాని చుట్టలు రాగివి. శక్తిని, కాలమును ఒక్కచోట చూడదలచి కదరాష్‌లోనే ఇటర్ యంత్రమును కట్టుచున్నారు. భారతదేశము అందొక భాగస్వామి. ఆ యంత్రము నంతటిని తనలో ఇముడ్చుకొను, సుమారు 30 మీటర్ల యెత్తుగల ఉక్కు క్రయోస్టాట్‌ను చేసి ఇచ్చినది మన దేశమే.