కచేరీలో దేవుడి లెక్కలు

1801లో ఆర్కాటు నవాబు సీమ ఈస్టిండియా కుంఫిణీ చేతికి చిక్కింది. సీమతో పాటే తిరుమల గుడి పెత్తనమూ వచ్చిపడింది. భూమిశిస్తు వసూలు చేసే ఉత్తర ఆర్కాటు కలెక్టరు కచేరీయే స్వామివారి కానుకల లెక్కలు కూడా చూడసాగింది. ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము కుంఫిణీ ఖజానాకు జమ అయ్యేది.

దేవుడి సేవ ఎలా జరుగుతుందో తెల్లదొరలకు తెలియదు. అందుకే అర్చకులను ప్రశ్నలడిగి జవాబులు రాయించుకున్నారు. ఆ కాగితాలకు సవాల్-ఇ-జవాబు అని పేరు. ఏ కైంకర్యం ఎవరు చేయాలో కైంకర్య పట్టీలో ఎక్కించారు. ఆస్తుల వివరాలు పైమాయిషీ లెక్కల్లో చేరాయి. 1821లో 42 నిబంధనలతో ‘బ్రూస్ కోడ్’ తయారైంది. కొత్త ఆచారమేదీ పెట్టకుండా, పాత ఆనవాయితీనే చట్టంలా రాసిన పత్రమది.

తిరుమల ఒక్కటే కాదు. 1817 నాటి మద్రాసు ఏడో రెగ్యులేషన్ ప్రెసిడెన్సీలోని గుళ్లు, మసీదులు, సత్రాల మాన్యాలన్నిటినీ రెవెన్యూ బోర్డు అజమాయిషీ కిందికి తెచ్చింది. అంతకు ముందే కాంచీపురంలో లయొనెల్ ప్లేస్ అనే కలెక్టరు వరదరాజస్వామికి నగ చేయించి ఇచ్చాడు. ఉత్సవాలకు పటాలాలు వచ్చి వందనం చేసేవి, ఫిరంగులు పేలేవి. రథం కదలాలంటే వందల చేతులు కావాలి. భక్తితో వచ్చినవాళ్లు చాలకపోతే తాసీల్దారు కచేరీ బంట్రోతులు ఊళ్ల మీద పడి రైతులను తోలుకొచ్చి మోకులు పట్టించేవారు. దేవుడి పని అలా సర్కారు వెట్టిగా మారింది.

1836లో మద్రాసు క్రైస్తవులు దీని మీద అర్జీ పెట్టారు. అందులో బిషప్ డేనియల్ కోరీతో పాటు పాదిరీలు, సివిల్ అధికారులు, సైనికాధికారులు ఉన్నారు. తమ మతం కాని ఉత్సవాలకు ఉద్యోగ ధర్మమంటూ తమను హాజరు కమ్మనవద్దని వాళ్లు కోరారు. మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్లండ్ ఆ అర్జీని బలపరిచాడు. ప్రభుత్వం బిషప్‌ను మందలించింది. ఆ వివాదంలోనే మెయిట్లండ్ 1838లో పదవి వదులుకున్నాడు. గుళ్ల వ్యవహారాల నుంచి తప్పుకోవాలని లండన్ డైరెక్టర్లు 1833లోనే ఉత్తరువు పంపినా అమలు నత్తనడక నడిచింది. చివరికి 1843లో తిరుమల బాధ్యతను హాథీరాంజీ మఠం మహంతు సేవాదాస్‌కు అప్పగించి కుంఫిణీ చేతులు దులుపుకుంది.

గుడి కచేరీని వదిలింది కానీ మతం వదల్లేదు. ఈసారి గుమ్మంలో నిలిచింది బైబిలు. గవర్నరు ట్వీడ్‌డేల్ సర్కారు బడుల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టించబోయాడు. ఎదురు నిలిచినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి, మద్రాసులోని తెలుగు వర్తక కుటుంబంలో పుట్టినవాడు. 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి సర్కారు అండతో సాగే మతప్రచారాన్ని ఎండగట్టాడు. 1846లో మద్రాసు హిందువులు సభ పెట్టి డైరెక్టర్లకు మహజరు పంపారు. డైరెక్టర్లు బైబిలు ప్రతిపాదనకు ఒప్పుకోలేదు.

పదేళ్ల తేడాతో క్రైస్తవులూ హిందువులూ ఒకే కచేరీ తలుపు తట్టారు. ఇద్దరి మనవీ ఒక్కటే: సర్కారు బలం మా మనస్సాక్షి మీద మోపకండి. మన మతస్వేచ్ఛ చరిత్ర రాసేటప్పుడు ఈ రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని దాచిపెడితే అసలు సంగతి అందదు.

1858 నవంబరు 1న వెలువడిన విక్టోరియా రాణి ప్రకటన, మతం కారణంగా ఎవరికీ మేలుగానీ కీడుగానీ జరగదని హామీ ఇచ్చింది. 1863 నాటి 20వ చట్టం గుళ్ల, మసీదుల ఆస్తుల నిర్వహణను సర్కారు అధికారులు చేపట్టరాదంది. అయితే అజమాయిషీ లేని చోట మాన్యాలు కరిగిపోయాయన్న ఫిర్యాదులు పెరిగాయి. దాంతో మద్రాసులో పానగల్ రాజా మంత్రివర్గం హిందూ దేవాదాయ చట్టం తెచ్చింది. 1933లో తిరుమల మహంతుల చేతి నుంచి దేవస్థానం కమిటీకి మారింది. ఆస్తుల లెక్కలు మళ్లీ ప్రభుత్వం కంటి కిందికి వచ్చాయి.

రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ అంతరాత్మ స్వేచ్ఛనిచ్చింది. ప్రభుత్వ నిధులతోనే నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతుంది. 1968లో మద్రాసు రాష్ట్రంలో అన్నాదురై ప్రభుత్వం ఆఫీసుల్లోని దేవుళ్ల పటాలను క్రమంగా తీసేయమంది. తెలుగునాట మాత్రం ఆయుధ పూజ నాడు పోలీసు స్టేషన్లలో తుపాకులకూ, ఆర్టీసీ డిపోల్లో బస్సులకూ పసుపుకుంకుమలు పెట్టడం నేటికీ మామూలే. ఇష్టంగా చేసుకునేవాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. కానీ చందా పట్టీలో పేరు ఎక్కించే ముందు ఆ ఉద్యోగిని అడగాలి. రానన్నవాళ్ల మీద పై అధికారి కన్నెర్రజేయకూడదు. నుదుటి బొట్టు చూసో, నెత్తి మీద టోపీ చూసో, మెడలో శిలువ చూసో అర్జీదారుడి ఫైలు ముందుకో వెనక్కో జరగకూడదు. 1836లో, 1846లో మద్రాసు వాళ్లు సంతకాలు పెట్టి అడిగింది ఇంతే.